యాకూబ్ చాచా కట్టిన లిఫ్టు

మొన్న దసరాకు ముందురోజు మా ఆయన దుకాణం షట్టరు పట్టాలకు కొబ్బరినూనె రాస్తున్నారు. ఎండకు కాగిన ఇనుము మీద ఆ నూనె వాసన గుప్పుమనేసరికి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. "ఆ సీసా లోపల పెట్టండి," అని కసిరాను. ఆయన ఒక క్షణం అయోమయంగా చూసి, "అయ్యో, యాదికి లేదు," అని మూత పెట్టేశారు. ఆయనకు సంగతంతా తెలుసు, తెలిసీ మర్చిపోగలరు. తప్పు చేసింది ఆయన కాదు కదా. నేను మాత్రం పదిహేనేళ్లుగా ఆ నూనెను తలకు రాసుకోవడం కూడా మానేశాను.

మాది వరంగల్ బజార్లో స్టీలు, ఇత్తడి సామాన్ల దుకాణం. నేను తొర్రూరు నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో వ్యవహారమంతా మామయ్య చేతిలో ఉండేది. మనిషి మంచివారే, కానీ గొంతు లేచిందంటే వీధి చివరి టీ కొట్టు దాకా వినిపించేది. మా ఆయన ఊళ్లల్లో దుకాణాలకు సరుకు వేయడానికి పొద్దున వెళ్తే సాయంత్రానికి వచ్చేవారు. గల్లా దగ్గర మామయ్య, సరుకు దగ్గర నేను. కింద చోటు చాలక సరుకంతా అటక మీదే దాచేవాళ్లం. బిందెల పెట్టెయినా, పళ్లాల పెట్టెయినా నెత్తిన పెట్టుకుని వెదురు నిచ్చెన ఎక్కాల్సిందే. ఎక్కేది నేనే.

మా ఎదురుగా యాకూబ్ చాచా సైకిల్ రిపేరు కొట్టు ఉండేది. అరవైకి దగ్గర పడ్డ సన్నటి మనిషి, చెవి వెనక ఎప్పుడూ ఒక పెన్సిలు ముక్క. ఒకరోజు మూడో మెట్టు మీద నా కాలు జారింది. నేను నిచ్చెనకు వేలాడుతుండగా నెత్తి మీది పెట్టె పోయి నేల మీద పడింది. మామయ్య నోరు తెరిచేలోగా చాచా రోడ్డు దాటి వచ్చేశారు.

"సేటూ, గిన్నెలు సొట్టపోతె సాపు జేసుకుంటవ్. పిల్ల నడుం సొట్టపోతె ఏం జేస్తవ్?"

"మరి పెట్టెలు పైకెట్ల పోవాలె? రెక్కలొస్తయా?" అన్నారు మామయ్య.

"లిఫ్టు కడ్త."

"లిఫ్టా? ఇదేమన్న పెద్ద దవాఖాననా యాకూబ్?"

"నీ గిన్నెలకు దవాఖాననే అనుకో," అని చాచా అటక అంచు వైపు తలెత్తి, చెవి వెనక పెన్సిలు తీశారు.

ఆ తర్వాత మూడు వారాలు మధ్యాహ్నం పూట బేరాలు పలచబడగానే ఆయన వచ్చేవారు. పాత గడ్డి కోసే మిషన్ నుంచి ఊడదీసిన పెద్ద ఇనుప చక్రం ఒకటి తెచ్చారు. బావి గిరక ఒకటి, రెండు నిలువు ఇనుప పట్టీలు, వాటి మధ్య పైకీ కిందికీ జరిగే చెక్క పలక. చక్రానికి ఉన్న పిడి తిప్పితే తాడు చుట్టుకుంటుంది, పలక మీద పెట్టె లేస్తుంది. ఇంతే యంత్రం. కానీ ఆ పిడిని ఏ ఎత్తులో బిగించాలో తేల్చడానికి ఆయన ఒక పూటంతా తీసుకున్నారు. "జర గీడ నిలవడు బిడ్డా," అని పిలిచి, నేల నుంచి నా మోచేతి దాకా దారంతో కొలిచారు.

"నా ఎత్తెందుకు చాచా?" అన్నాను.

"తిప్పేది నువ్వు గద. సేటు ఎత్తుకు పెడితె నీ భుజాలు పోతయి."

ఆ ఇంట్లో పొయ్యి గట్టు అత్తయ్య ఎత్తుకు ఉండేది, అద్దం మా ఆయన ఎత్తుకు ఉండేది, బట్టల తీగ ఎవరి ఎత్తుకు కట్టారో దేవుడికే తెలుసు. నా కొలత అడిగిన మొదటి మనిషి ఈ రోడ్డవతలి చాచా. ఏ పనికైనా ముందు ఆ పని చేసేవాళ్లను అడగాలని నాకు తెలిసింది ఆ మధ్యాహ్నమే. ఇవాళ దుకాణంలో ఒక అర వేయించినా సరుకు తీసే మనిషిని నిలబెట్టి అడుగుతాను. ఆ తెలివి నాది కాదు.

లిఫ్టుకు ఆయన చేసిన అసలు ఏర్పాటు బ్రేకు. చక్రం అంచు చుట్టూ ఒక తోలు పట్టా వేసి, దాని కొసను కింద చెక్క తొక్కుడుకు కట్టారు. కాలితో తొక్కితే పట్టా బిగిసి చక్రం ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. "ఎత్తుడు ఎవ్వలన్న ఎత్తుతరు బిడ్డా, మధ్యల ఆపుడే పని," అన్నారు. తర్వాత నన్ను వంగమని చెప్పి పట్టాను వేలితో చూపించారు.

"గిరకకు నూనె పెట్టు, ఇరుసుకు పెట్టు. గీ పట్టాకు, గీ చక్రం అంచుకు మాత్రం ఒక్క చుక్క తగలొద్దు. తోలు పొడిగుంటెనే పట్టుకుంటది. యాదుంటదా?"

"ఉంటది చాచా," అన్నాను.

లిఫ్టు పని చేయడం మొదలుపెట్టాక మా దుకాణానికి గిన్నెలు కొనేవాళ్ల కంటే అది చూసేవాళ్లే ఎక్కువ వచ్చారు. మామయ్య ఊరికే పళ్లాల పెట్టె పైకి ఎక్కించి, దింపించి చూపించేవారు. బట్టల సేటు, చెప్పుల దుకాణం ఆయన, ఇంకో ఇద్దరు మాకూ కట్టివ్వమని చాచాను అడిగారు. అప్పటికే బజారంతా మోటారు బండ్లు నిండిపోయి సైకిల్ పంక్చరుకు వచ్చేవాళ్లే తగ్గిపోయారు. రోజంతా కొట్టు ముందు ఖాళీగా కూర్చునే మనిషి మొహంలో కళ వచ్చింది. తన తలుపు మీద సుద్దముక్కతో 'లిఫ్టులు కట్టబడును' అని రాసుకుని, రోడ్డుకు ఇవతల నిలబడి అక్షరాలు వంకరపోయాయేమో చూడమని నన్నే అడిగారు. "ఇగ నాకు ఫికర్ లేదు బిడ్డా," అన్నారు.

దసరా వచ్చింది. చాచా డోర్నకల్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లారు. మా ఇళ్లల్లో ఆ రోజు తక్కెడ, తూకపు రాళ్లు, తాళాల గుత్తి, చేతిలో ఆడే పనిముట్టు ఏదైనా సరే కడిగి, బొట్టు పెట్టి, బంతిపూలు వేసి మొక్కుతాం. లిఫ్టుకు అది మొదటి దసరా. తొర్రూరు నుంచి మా అమ్మవాళ్లు చూడటానికి వస్తున్నారు. చక్రం మీద తుప్పు మరకలు కనిపిస్తే నాకు నామోషీ అనిపించింది. తడిగుడ్డతో తుడిచాను, మెరవలేదు. కొబ్బరినూనె తెచ్చి చక్రమంతా, అంచుతో సహా, నల్లగా నిగనిగలాడేదాకా రుద్దాను. చాచా మాట మర్చిపోయానని చెప్పుకుంటే బాగుండును. గుర్తుంది. గుర్తుండే, కాస్త నూనె ఆరిపోతుందిలే అనుకున్నాను. మా అమ్మ చూసి ఎంత ముద్దుగా ఉందో అంది.

పండుగ వెళ్లిన రెండో రోజు ఇత్తడి బిందెల పెట్టె వచ్చింది. సగం దాకా ఎత్తి, చేతులు మార్చుకుందామని ఎప్పటిలాగే తొక్కుడు తొక్కాను. పట్టా జారింది. పిడి నా చేతిలోంచి విడిపించుకుని గిర్రున తిరిగింది. పలక దబ్బున కూలి, పెట్టె ఎగిరి అద్దాల బల్ల మీద పడింది. చెంబు బేరమాడుతున్న ముసలావిడకు మూరెడు దూరంలో గాజు పెంకులు. ఆమెకేమీ కాలేదు. కానీ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. బజారంతా మా గుమ్మంలో చేరింది.

ఆ పొద్దునే ఊరి నుంచి తిరిగొచ్చిన చాచా మామయ్య కేకలకు పరుగున వచ్చారు. "ఏం కట్టినవయ్యా ఇది? ముసలామె పానం పోతుండె," అని మామయ్య అందరి ముందూ అరుస్తున్నారు. ఆ గుంపులో బట్టల సేటూ, చెప్పుల దుకాణం ఆయనా ఉన్నారు. చాచా చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నారు. పట్టా మీద వేలు పెట్టి రాసి, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత తల తిప్పి నన్ను చూశారు.

కోపంగా చూసి ఉంటే నేను నోరు విప్పేదాన్నేమో. ఆయన ఊరికే ఆగి చూశారు. నూనె రాసింది నేను మామయ్యా, అంటే సరిపోయేది. నా కళ్లు నా కాలి మెట్టెల మీదికి వాలిపోయాయి.

"నా పనిలనే కసరున్నది సేటు, తప్పు నాదే," అన్నారు చాచా.

ఆ సాయంత్రమే తన చేతులతో లిఫ్టు విప్పేశారు. ఊడిన బోల్టులు ఆయన అందిస్తుంటే నేను డబ్బాలో వేశాను. సిగ్గులేకుండా అదీ చేశాను.

లిఫ్టులు అడిగిన నలుగురూ ఇక వద్దన్నారు. తలుపు మీది సుద్ద అక్షరాలు తుడిచేసి ఉండటం వారం తర్వాత చూశాను. ఏడాది తిరగకముందే కొట్టు ఖాళీ చేసి ఎనుమాముల మార్కెట్లో మిర్చి గోదాము కాపలాకు పోయారు. మా ఆయనకు అప్పుడు చెప్పాను. చెప్పి ఏడ్చి, మామయ్యకు మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను.

నాలుగేళ్లు పట్టింది నాకు ఎనుమాముల వెళ్లడానికి. గోదాము గుమ్మంలో స్టూలు మీద కూర్చుని ఉన్నారు, మిర్చి ఘాటుకు మూతికి తువ్వాలు కట్టుకుని. నన్ను చూసి లేచి, తన స్టూలు నాకు జరిపారు. నేను కూర్చోలేదు. "చాచా, ఆ రోజు చక్రానికి నూనె రాసింది నేనే," అన్నాను.

"ఎరుకే బిడ్డా."

"మరి మామయ్యకెందుకు చెప్పలేదు?"

"అప్పటికి కొత్త కోడలివి. నువ్వే చెప్తవేమోనని చూసిన." తువ్వాలు కిందికి లాగి దగ్గి, మళ్లీ అన్నారు. "ఎరుకైనోనికి చెప్పుడెందుకు ఇంత దూరమొచ్చి? చెప్పేదుంటె బజార్ల చెప్పు."

తప్పకుండా చెబుతాను చాచా, అన్నాను. ఇంటికి వచ్చాక పిల్లల స్కూలు, అత్తయ్య జబ్బు, సరుకు, ఏదో ఒకటి అడ్డం పెట్టుకుంటూ పోయాను. రెండేళ్ల కిందట చాచా పోయారని తెలిసింది, అప్పటికే నెల దాటింది. ఆ రోజు మామయ్య అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. ఆయన ఇప్పుడు బాగా వృద్ధులు, ఆ పెద్ద గొంతు పోయింది. చేతిలో ముద్ద కంచంలో వదిలేశారు.

"అప్పుడే చెప్తే రెండు తిట్లు తిట్టేటోన్ని," అన్నారు. "తెల్లారి మర్చిపోయేటోన్ని. ఆయన బతుకు తీసినం గదనే."

మర్నాడే బట్టల దుకాణానికి వెళ్లాను. ఆ నలుగురిలో ఇంకా బజార్లో ఉన్నది ఆ సేటు ఒక్కరే. ఆ సమయానికి ఆయన గల్లా మీదే ఉన్నారు. నిలబడే, గొంతు తగ్గించకుండా, ఆ లిఫ్టు కూలింది యాకూబ్ చాచా పని వల్ల కాదు, నా వల్ల, అని చెప్పాను. సేటు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నా వైపు అర్థం కానట్టు చూశారు.

"ఏ యాకూబ్ బిడ్డా?" అన్నారు.

తప్పు చెప్పుకుందామని వెళ్లినదాన్ని, ముందు ఆ మనిషి ఎవరో చెప్పాల్సి వచ్చింది. అప్పటి నుంచీ ఎవరికి చెప్పినా అక్కడినుంచే మొదలుపెడుతున్నాను.