సోమవారం పేరున్న కోడళ్లు

ఆ రోజు సీతంపేట సంత. మా ఆరోగ్య కేంద్రం ఆఫీసులోని పాత సర్వరును సాయంత్రంలోగా జీపులో ఎక్కించుకుపోవడానికి విశాఖ నుంచి ఇంజనీరు వచ్చి కూర్చున్నాడు. ఈలోగా అందులో ఉన్న సిబ్బంది లాగిన్ వివరాలన్నీ ఒక ఫైలుగా బయటికి తీసి ఇవ్వాలి. కొత్త సర్వరులో ఎవరు ఎవరో ఆ ఫైలును బట్టే నమోదవుతుంది.

నేను కంప్యూటర్ కోర్సులేవీ చేయలేదు. శాఖా గ్రంథాలయంలో అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికితే, పక్కన నిఘంటువు పెట్టుకుని నేర్చుకున్నాను. అందుకే చూస్తున్న ఇంజనీరు ముందు చులకన కాకూడదని, నల్ల తెర మీద ఆదేశమంతా పుస్తకం తెరవకుండానే టైపు చేశాను. పూర్తయిందని వచ్చింది.

ఫైలు తెరిచాను. ఇంగ్లీషు పేర్లు సరిగ్గానే ఉన్నాయి. పేరు పక్కన వివరణ గడిలో నేను తెలుగులో రాసిన చోటల్లా అర్థంకాని అంకెలూ అక్షరాలూ.

మాకు ఆ గడే ప్రాణం. మా కొండల్లో చాలామందికి పుట్టిన వారం పేరే పెడతారు. సోమవారం పేరున్న ఆరోగ్య కార్యకర్తలు ఎందరో. లాగిన్‌లో పేరు పక్కన అంకె ఒక్కటే తేడా. ఆ అంకె ఏ గూడెంలో ఏ ఇంటి మనిషిదో చెప్పేది ఆ తెలుగు మాటే. అది పోతే ఒకరి రోగుల వివరాలు ఇంకొకరికి తెరుచుకుంటాయి.

సంతకొచ్చిన అలాంటి కార్యకర్త ఒకామె అల్లం బుట్టతో గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏటే గుంటా, మొకం అలాగైపోనాది? నానందులో ఉన్నానా, లేనా?"

"ఉన్నావు అత్తా. ఎవరివో తెలియడం లేదు."

"నానెవరినో నాకు తెలుసు. నీ పెట్టికి సెప్పుకో!"

"మేడమ్, చీకటి పడితే ఘాట్ దిగలేం," అన్నాడు ఇంజనీరు.

అప్పుడు ఆ పుస్తకంలో ఒక పేజీ గుర్తొచ్చింది. ఆదేశం చివర ఒక గీత, యు అక్షరం చేరిస్తే ఇంగ్లీషు కాని భాషలూ సరిగ్గా వస్తాయని ఉంది. చైనావాళ్ల కోసమో జపానువాళ్ల కోసమో అనుకుని పేజీ తిప్పేశాను. తెలుగు కూడా ఇంగ్లీషు కాని భాషేనని నాకు తట్టలేదు.

యు కొట్టేలోపు కరెంటు పోయింది. యూపీఎస్ కూయడం మొదలుపెట్టింది. అది ఆగిపోకముందే యు చేర్చి ఎంటర్ నొక్కాను. ఈసారి గూడేల పేర్లు తెలుగులో వచ్చాయి. ఆమె గూడెం వెతికి చదివాను:

"వాగవతల ఇల్లు, చిన్న కోడలు."

"నాను కాదే! అది మా తోటికోడలు. అదీ సోమారం నాడే పుట్టింది."

కింది వరుసకు దిగాను. "వాగవతల ఇల్లు, పెద్ద కోడలు."

"అద్గదీ, నాను!" అని ఆమె బుట్ట నెత్తికెత్తుకుంది. "బేగి ఇచ్చీయే, ఆ బాబు ఎళ్లిపోతాడు."

ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇక సర్వరు తీగ పీకవచ్చని ఇంజనీరుతో అన్నాను. ఆయన చెయ్యి ప్లగ్గు మీద పడేలోపు, ఆగమని, మిగతా సోమవారాలూ సరిగ్గా వచ్చాయో లేదో చూడటానికి మరోసారి ఫైలు తెరిచాను.