ఇస్త్రీ చొక్కాతో వచ్చిన తంటా

యుద్ధం అయిపోయినా గుడ్డ కరువు తీరలేదు, చొక్కా గుడ్డ కొనాలంటే ఇంకా సర్కారు పర్మిట్టు కావాలి. ఈ రోజు బడి వదలగానే నందిగామలో ఆ పర్మిట్లిచ్చే ఆఫీసుకు వెళ్ళాను. పంతుళ్ళు నలిగిన చొక్కాతో బడికి రాకూడదని హెడ్మాస్టరు హుకుం కాబట్టి, మా ఆవిడ పొద్దున్నే చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసి ఇచ్చింది. ఆఫీసులో గుమాస్తా నా చొక్కాను ఎగాదిగా చూశాడు.

“మీకేం లోటండీ మేష్టారూ? ముందు లేనోళ్ళకివ్వాలి గదా.”

ఒళ్ళు మండి, చిరిగితే తిరగేసి కుట్టించిన కాలరు ఎత్తి చూపించాను.

“అయితే రేపు నలిగింది వేసుకురండి, మీ అర్జీ ఆఫీసరుగారి ముందు పెడతా” అన్నాడు తన కాలరు సర్దుకుంటూ. అదీ తిరగేసి కుట్టిందే.

నాకున్నది ఈ ఒక్క చొక్కానే. బడికీ ఆఫీసుకీ మధ్య దీన్ని ఎక్కడ నలపమంటారో మీరే చెప్పండి.