కేకు కోసేదాకా మెతుకు ముట్టకూడదు

మా తెనాలి వృద్ధాశ్రమానికి బాపట్ల నుంచి వారానికోసారి వచ్చే నర్సమ్మ, ఆయాగా ఉన్న నాకు వంకాయల మీద సూది వేయడం నేర్పింది. ఆ వారం బజారులో వంకాయలన్నింటికీ షుగరు దిగిపోయింది, కావాలంటే అడిగి చూడండి. ఆమె లేని రోజుల్లో ఇన్సులిన్ సూది వేసేది నేనే.

నాకున్న పేషెంటు ఒక్కడే. రేపల్లె బస్టాండు దగ్గర ఒకప్పుడు బట్టలు కుట్టిన సాయిబు తాత.

“నీ సూది కంటే నా మిషను సూది నయమే!”

“అయితే రేపట్నుంచి దాంతోనే పొడుస్తాలే తాతా.”

సూది పడ్డాక అరగంటలో అన్నం పెట్టాలని, లేకపోతే షుగరు మరీ పడిపోతుందని నర్సమ్మ నూరిపోసింది. అయితే మా దగ్గర పుట్టినరోజు భోజనాలు పెట్టేవాళ్ళు వచ్చి, కేకు కోసి, ఫొటో దిగేదాకా ఎవరూ మెతుకు ముట్టకూడదు. ఆ రోజు రేపల్లె మిల్లు యజమాని మనవరాలి పుట్టినరోజు. కేకు ముందే వచ్చింది. “వచ్చేశామండి” అని ఫోనూ వచ్చింది. నేను సూది వేసేశాను. వాళ్ళింకా ఇంట్లోనే తయారవుతున్నారట. ఇన్ని కోతలు కోసేదాన్ని, ఆ ఒక్క కోత నమ్మాను.

అన్నం మూతల కింద చల్లారిపోతోంది. తాతకు చెమటలు, వణుకు, మాట ముద్దగా వస్తోంది.

“సార్, తాతకి రెండు ముద్దలు పెట్టనివ్వండి.”

“ఫొటో అవనీవమ్మా. ఎంగిలి కంచాలు కనపడితే వాళ్ళేమనుకుంటారు?” అన్నాడు మేనేజరు.

తాత పక్కకు ఒరిగిపోయాడు. కేకులో చెయ్యి పెట్టి, క్రీము తీసి ఆయన చిగుళ్ళకు రాస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి కళ్ళు తెరిచాడు.

“ఎవరిదే పుట్టినరోజు?”

“నీదే తాతా.”

అప్పుడు దిగింది కారు. గుంట పడ్డ కేకు చూసి పిల్ల గొల్లుమంది.

“ఏంటిది?” అన్నాడు మేనేజరు.

“ఎలుకండి. చుండూరు పొలాల్లోది, ఇంతుంది.”

తాత గడ్డం నిండా క్రీమే.

మళ్ళీ వచ్చినప్పుడు నర్సమ్మ వంటింట్లో నా చెవిలో, “ప్రాణం నిలబెట్టావక్కా” అంది. మేనేజరు ముందు మాత్రం నేల చూపులు చూసింది. సూది పని వాచ్‌మన్‌కి మారింది, నాకు గిన్నెలు మిగిలాయి. వాచ్‌మన్ బుద్ధిమంతుడు, చెప్పందే కేకు వంక కూడా చూడడు.

తాత తలగడ కింద బెల్లం ముక్క దాచాను. “షుగరు పేషెంటుకి బెల్లమా!” అని మేనేజరు దాన్ని నా చేతే కుక్కకు వేయించాడు.

ఈ ఆదివారం ఇంకో పుట్టినరోజుంది.