దుమ్ము ఆకు మీద నింద

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి, కాళ్లు చాపుకున్నా పర్లేదు. అయిదో తరగతితో ఆగిపోయినదాన్ని నేను. అయినా మా అమ్మాయి పరిశోధన పేపరుకు ముందుమాట ఎట్లా తయారైందో నాకు పొల్లుపోకుండా గుర్తుంది.

అమ్మాయి తిరుపతిలో ఎమ్మెస్సీ చదువుతుంటే వండిపెట్టడానికి వచ్చి ఉన్నాను. పేపరు పట్టుపురుగుల మీద. కొన్ని తట్టలకు రోడ్డు పక్క దుమ్ముపట్టిన మల్బరీ ఆకు, కొన్నిటికి కడిగిన ఆకు వేసి, పురుగులను తూచి రాసుకుంది. ఆ సాయంత్రం అయిదుకల్లా ఇవ్వకపోతే ఏడాది చదువు పోయినట్టే. అంతా అయిపోయింది, ముందుమాట ఒక్కటే మిగిలింది. పేపరు దిద్దే మేడం దాన్ని మూడుసార్లు తిప్పి పంపింది.

"'ఇంకోళ్ల మాటలు అతికిస్తా ఉండావు, ఈ ప్రశ్న నీకు యాడ పుట్టిందో అది రాయి' అనింది మా," అని అమ్మాయి చెప్పి, కొత్తగా రాసింది చదివి వినిపించింది. 'మా ఇంట్లో దుమ్ము ఆకు తిని పురుగులన్నీ ఒక్క పూటలో చచ్చిపోయాయి' అని మొదలు. చదివి తల పట్టుకుంది.

"ఏమైంది పాపా?"

"ముందర దుమ్ముకు సస్తాయని రాసినా. ఎనక లెక్కలు సూస్తే దుమ్ము తిన్నెవి గూడా బాగానే పెరిగినాయి. తూకం యాడో తప్పింటాను. నాలుగు అంకెలు మార్చేస్తే సరిపోతాది."

నా చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది. ఊళ్లో మేం పట్టుపురుగులు పెంచేటప్పుడు, మా మల్బరీ తోట పక్క రోడ్డు మీద మా బావ ట్రాక్టర్లు తిరిగేవి. వాటి దుమ్మే పురుగులను మింగిందని మా ఆయన సొంత అన్నతో మాటలు మానేశాడు. ఇరవై ఏళ్లకు దగ్గర పడింది.

"మార్చొద్దు పాపా. నీ తూకం తప్పలేదు. తప్పింది నేను."

"ఏం మాట్లాడతాండావు?"

"నీకప్పుడు మూడేండ్లు. దోమలు కుట్టి ఒళ్లంతా దద్దుర్లు. మీ నాయన లేకుండా సూసి, పురుగుల గది పక్కనే దోమల బత్తి ముట్టించినా. తెల్లారికి ఆ పొగకు పురుగులన్నీ పచ్చగా కక్కి పడుండాయి. బత్తి బూడిద కసువుతో పాటే ఊడ్సేసినా. మీ నాయన దుమ్మంటే, అవునన్నా."

అమ్మాయి పెన్ను కింద పెట్టింది. "పెద్దనాయన కూతురి పెండ్లికి గూడా పోలేదు గదా మా మనం."

దాని చేతులు పట్టుకుని, నా మాట ఎత్తకుండా రాయమని బతిమాలాను.

"ఎత్తను. అంకెలూ మార్చను. నాయనకు మాత్రం నువ్వే చెప్పాల," అని మొదటి వాక్యం కొట్టేసింది. దాని చోట ఇట్లా రాసి చదివింది: 'పురుగులు చస్తే దుమ్ము ఆకే కారణమని మా వైపు రైతులు నమ్ముతారు. ఇక్కడ ఎవరైనా తూచి చూసినట్టు నాకు కనబడలేదు. మా ఇంట్లోనూ నమ్మారు.'

నాలుగున్నరకు పేపరు తీసుకుని పరుగెత్తింది. నేను ఫోను పట్టుకుని కూర్చున్నాను. మొదలెట్లా పెట్టాలి? మూడుసార్లు ఆయన నంబరు నొక్కి, మోగకముందే తీసేశాను. నాలుగోసారి మోగింది.

"ఏమే, పాప పేపరు ఇచ్చేసిందా?"

"ఇచ్చేసింది. నువ్వు ముందు మంచం మీద కూసో," అన్నాను.

విన్నవాళ్ల ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట తప్పు జరిగితే ఆ పూటే నోరు దాటి బయటికి రావాలి. మీ అన్నదమ్ములు ఒకే పంక్తిలో కూర్చుని తినాలి.