నాలుగు చీనీకాయలతో కోడూరుకు

కర్నూలు రాజధాని అయిన కొత్తలో, మా మామగారి చీనీ తోట (బత్తాయినే మేం చీనీ అంటాం) కొమ్మల కొనల నుంచి ఎండుకుంటూ వచ్చి చివరికి ఒక్క చెట్టు మిగిలింది. దాని కాయలకు పలచటి తోలు, ఒలిస్తే చెయ్యంతా రసం. మా చుట్టుపక్కల ఆ రకం ఇంకెక్కడా లేదు. ఆ చెట్టూ వచ్చే ఎండాకాలం దాటదని తెలిసిపోయింది. కోడూరు సర్కారు పండ్ల తోటలో అంటు కట్టించుకొద్దామని కార్తీకంలో బయలుదేరాను. పచ్చి కొమ్మలు కోసి, తడిగుడ్డ చుట్టి, పసిబిడ్డలా ఎత్తుకున్నాను. చెట్టుకున్న నాలుగు కాయలూ నా భార్య సంచిలో వేసి, "దోవలో దప్పికైతే తిను" అంది.

పొద్దున ఏడింటికి నంద్యాలలో బస్సెక్కాను. పక్క సీటులో మహానంది స్నానం ముగించుకొని మైదుకూరు పోతున్న ఓబులమ్మ, ఆమె ఒళ్లో కూతురు. ఆళ్లగడ్డ దాటేసరికి పిల్లకు వాంతులు. ఒక కాయ ఒలిచిస్తే తేరుకుంది. నలుగురి మధ్య కూర్చొని తినేది దాచుకోవడం మా వైపు మర్యాద కాదు. మిగతా మూడూ ఒలిచి అందరికీ పంచాను. గింజలు కిటికీలోంచి ఊసుకుంటూ హాయిగా పోయాం.

"శానా తీపుండాదన్నా. మైదుకూరుకొస్తే మా ఇంటికి రా. పసుపు మండీ ఎనకాలే" అని చెప్పి ఓబులమ్మ దిగిపోయింది.

కడపలో సత్రం భోజనం, సాయంత్రం రైలు. కోడూరు స్టేషనులోనే పడుకొని తెల్లవారి తోటకు వెళ్లాను. అక్కడి అధికారి కొమ్మలు విప్పి చూసి మెల్లగా పక్కన పెట్టాడు.

"తెగులు కొమ్మలోనే ఉందండీ. అంటు కడితే కొత్త మొక్కకూ వస్తుంది. గింజ మొక్కకైతే రాదు. ఒక్కో గింజ రెండు మూడు మొలకలేస్తుంది, చాలావరకు తల్లి పోలికే. కాయలు తెచ్చారా? గింజ ఎండితే మాత్రం మొలవదు."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఖాళీ సంచి తడుముకున్నాను. ఇంటికెళ్లి ఏం చెప్పాలి?

తిరుగు దారిలో, ఏ మూలో ఆశ చావక మైదుకూరులో దిగాను. ఓబులమ్మ వాకిట్లోనే ఉంది.

"ఏమన్నా, ఇంత బిరీన వచ్చినావే!"

సంగతంతా చెప్పాను. ఆమె పెరట్లోకి పోయి ఒక పగిలిన కుండ తెచ్చింది. అందులో మట్టి తడిగా ఉంది.

"అంత తీపి కాయ గింజలు పారేయబుద్ధి కాలేదన్నా. పాపవీ నావీ కొంగున ముడేసుకొచ్చి నిన్ననే నాటినా. కుండ నువ్వే తీసకపో. రెండు గింజలు మాత్రం ఈడ పెట్టుకుంటా. మీ ఊళ్లో ఏమన్నా అయినా, ఈడుంటాది గదా."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. వయసులో చిన్నదైనా ఆమెకు దండం పెట్టాను.

కోడూరు పోయే రైతులకు నేను చెప్పేదొకటే: కొమ్మలు కాదు, కాయలు తీసుకెళ్లండి. దోవలో నలుగురికీ పంచండి, గింజలు మాత్రం అడిగి తీసుకోండి. ఆ ప్రయాణంలో నేను చూసిన ఊళ్లన్నీ మరిచిపోయినా, ఓబులమ్మ కొంగు ముడి మరిచిపోను.

నంద్యాల బస్సులో కుండ ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. పక్కనున్న పెద్దాయన తొంగి చూశాడు.

"ఏమప్పా, వట్టి మన్ను మోసకపోతాండావు?"

"మా మామ తోట" అన్నాను.