పన్నెండు ముడుల దారం

నా చిన్నప్పుడు మా ఇంట్లో క్యాలెండరు లేదు. రోజులు లెక్కపెట్టడానికి మా తాత దగ్గర ఉన్ని దారం ఉండేది. మాది మర్రిపాడు దగ్గర మెట్టమీద ఒక చిన్న పల్లె, గొర్రెల కాపరుల ఇళ్ళు ముప్పై ఉంటే ఎక్కువ. మా తాతకు అక్షరం ముక్క రాదు గాని, ఏ గొర్రె ఎప్పుడు ఈనుతుందో, బద్వేలుకు పోయిన మనిషి పోయి ఎన్నాళ్ళయిందో దారం తీసి ముడులు తడిమి చెప్పేవాడు. రోజుకొక ముడి. ఆయన లెక్క తప్పిందని ఎవరూ అనగా నేను వినలేదు. ఆ దారాల్లో ఒకటి ఇప్పటికీ నా దగ్గర ఉంది. పురుగు పట్టకుండా ఏటా వేపాకు మార్చి ట్రంకుపెట్టె అడుగున దాచుకున్నాను. దాని సంగతి నా కడుపున పుట్టినవాళ్ళకు కూడా చెప్పలేదు, ఒక్క పక్కింటి పిల్లకు తప్ప.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు తట్టు పోసింది. ఒళ్ళంతా ఎర్రగా పేలింది, కళ్ళు మంటలు, జ్వరం. మా వైపు దాన్ని జబ్బు అనేవాళ్ళు కాదు. అమ్మవారు ఇంటికి వచ్చింది అనేవాళ్ళు. వచ్చిన తల్లిని మర్యాదగా చూసి పంపాలి గదా. గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్ళు. ఇంట్లో తాలింపు వేసేవాళ్ళు కాదు, బయటివాళ్ళను గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదు. తొమ్మిదో నాడు వేపాకు నీళ్ళు తలకు పోసి సాగనంపేవాళ్ళు. అమ్మవారు ఇంట్లో ఉండగా సూదీ మందూ అన్న మాట ఎత్తకూడదు. ఎత్తితే కోపగించుకుంటుందని భయం. నాకు పోసిన రోజునే మా తాత కొత్త దారం తీసి మొదటి ముడి వేశాడు.

నన్ను ఇంటి పక్క కొట్టంలో పడుకోబెట్టారు. నాకొక తమ్ముడు, ఏడాదిన్నర వాడు. నా చంక దిగేవాడు కాదు. వాణ్ణి నా దగ్గరికి రానివ్వకపోయేసరికి వేపమండల అవతల నిలబడి అక్కా అక్కా అని ఒకటే ఏడుపు. వాడికి వచ్చిన నాలుగు మాటల్లో అదొకటి. మూడో రోజు మధ్యాహ్నం మా అమ్మా నాయనా మంద దగ్గరికి పోయారు, మా అవ్వ అరుగుమీద కునుకు తీస్తోంది. వాడు మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. నేను మండలు పక్కకు జరిపి వాణ్ణి లోపలికి లాక్కున్నాను. నా తలాపున అమ్మవారికి పెట్టిన బెల్లం ముక్క కొరికి సగం వాడి నోట్లో పెట్టాను. నా ఒడిలో తల పెట్టుకుని నిద్రపోయాడు. అవ్వ లేచే చప్పుడు కాగానే వాణ్ణి బయట పడుకోబెట్టి మండలు సర్దేశాను. ఎవరూ చూడలేదు.

తొమ్మిదో నాడు నాకు నీళ్ళు పోశారు. మొక్కు తీరేదాకా ముడులు ఆపకూడదని మా తాత పద్ధతి, కాబట్టి దారం సాగుతూనే ఉంది. పన్నెండో ముడి వేసిన పొద్దున తమ్ముడికి ఒళ్ళంతా పేలింది. తాత ఆ దారం అక్కడికి ఆపి, వాడికోసం ఇంకొకటి మొదలుపెట్టాడు.

ఐదో రోజుకు వాడికి ఎగశ్వాస పట్టుకుంది. డొక్కలు లోపలికి పోతున్నాయి. మా అమ్మ ఉదయగిరి ఆసుపత్రికి పోదామని కాళ్ళావేళ్ళా పడింది. నాయన బండి కట్టాడు. అమ్మవారు ఇంట్లో ఉండగా పిల్లవాణ్ణి గడప దాటిస్తే ఊరికంతా చేటని, నాలుగు దినాలు ఓర్చుకుంటే నీళ్ళు పోసి తీసుకుపోదామని మా అవ్వ అడ్డం పడింది. ఆమెదీ ప్రేమే. వాడంటే ఆమెకు ప్రాణం. నాయన చాలాసేపు కాడి పట్టుకుని నిలబడి, చివరికి ఎద్దులను విప్పేశాడు. ఏడో రోజు పొద్దెక్కేసరికి వాడు పోయాడు. ఏడు ముడుల దారాన్ని మా తాత వాడి మొలకు చుట్టి పంపాడు.

ఆ సాయంత్రం మా అవ్వ గోడకు చేరగిలబడి ఎవరితోనూ కాకుండా ఒక మాట అంది. "అమ్మవారు ఉండంగా ఆ మండలు దాటి బిడ్డను ఎవురు పోనిచ్చినారో, వాళ్ళదే ఈ పాపం." ఆమె నన్ను చూడనైనా చూడలేదు. కాని ఆ మాట నాకు తగిలింది. ఆ పొద్దు నుంచి నాకు ముద్ద దిగలేదు. తమ్ముడి మీది బెంగ అనుకున్నారు అందరూ. కోళ్ళ గంప పక్కన మోకాళ్ళమీద తల పెట్టుకుని కూర్చునేదాన్ని. వాణ్ణి నేనే చంపానని నాకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు, అది ఇంకా భయం.

నాలుగో నాడు ఊళ్ళోకి జీపు వచ్చింది. ఉదయగిరి మిషన్ ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ. మామూలు డాక్టరమ్మ కాదు, పిల్లలకు ఒకరినుంచి ఒకరికి అంటుకునే జబ్బులే చూస్తుందట, మద్రాసులో దానికోసమే చదివి వచ్చిందట. మనిషి మా వైపు మనిషే, మాట మా మాటే. పల్లెలో పిల్లలు పోతున్నారని విని వచ్చింది. ఆమె పని తీరు మావాళ్ళకు వింతగా ఉండేది. పిల్లను చూడగానే మందు ఇవ్వదు. ముందు ఎవరికి వచ్చింది, ఆ తర్వాత ఎవరికి, ఏ రోజు, ఆ పిల్లలు ఎవరితో ఆడుకున్నారు, ఎక్కడికి పోయి వచ్చారు అని అడిగి పెన్సిలుతో ఒక పుస్తకంలో రాసుకునేది. వైద్యం చేయమంటే పెళ్ళి సంబంధం అడిగినట్టు అడుగుతుందేంది అని అరుగుమీది ముసలాళ్ళు నవ్వుకున్నారు.

వేపమండలు కట్టిన ప్రతి ఇంటి ముందూ చెప్పులు విడిచింది. కాళ్ళు కడుక్కుని, లోపల అమ్మవారు ఉండగా రావచ్చా అని అడిగి మరీ అడుగుపెట్టింది. సూది వద్దన్నవాళ్ళతో వాదించలేదు. ఆ ఇంటి ముసలమ్మ చేతనే పొయ్యిమీద నీళ్ళు పెట్టించి, అందులో వేపాకు వేయించి, సూదినీ గాజు గొట్టాన్నీ ఆ నీళ్ళలోనే కాయించింది. అమ్మవారికి ఇష్టమైన నీళ్ళే గదా అంది. దగ్గుతో పడి ఉన్న ముగ్గురు పిల్లలకు ఆ రోజు సూదులు పడ్డాయి, ముగ్గురూ బతికారు. పొరుగింట్లో కాగుతున్న ఆ నీళ్ళను చూసి మా అవ్వ అక్కడే కూలబడింది. నీళ్ళలో ఇంత వేపాకు వేస్తే సరిపోయేదని తెలియక గదా మావాణ్ణి పోగొట్టుకున్నది.

మా ఇంటికి కూడా వచ్చింది. ఏ రోజు ఎవరికి పోసిందో అడిగితే మా తాత పెట్టెలోంచి దారం తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని వేళ్ళమీదికి తీసుకుని ఒక్కో ముడీ తడిమి, పుస్తకంలో ఏదో రాసుకుంది. ఈ పిల్ల నాలుగు రోజులుగా కూడు ముట్టడం లేదని మా అమ్మ కళ్ళు తుడుచుకుంటూ నన్ను చూపించింది. డాక్టరమ్మ వచ్చి నా పక్కన, కోళ్ళ గంప దగ్గర, నేలమీద కూర్చుంది. నా కళ్ళు చూసింది, నాలుక చూసింది. తర్వాత ఏమీ అడగకుండా ఊరికే కూర్చుంది. అంత పెద్ద మనిషి అట్లా ఊరికే కూర్చోవడంతో నాకు ఏడుపు వచ్చేసింది. మండలు జరిపిన సంగతి, బెల్లం సంగతి, ఒడిలో పడుకున్న సంగతి అన్నీ చెప్పేశాను.

ఆమె పుస్తకం మూసి ఒడిలో పెట్టుకుంది. గంపలో మా పెట్ట పొదుగుతూ ఉంది. దాన్ని చూపించి, గుడ్లు ఎన్ని దినాలకు పిల్లలవుతాయో తెలుసా అని అడిగింది. కాపరి పిల్లను, నాకు తెలియకపోవడమేంది. ఇరవై ఒక్క దినాలకని చెప్పాను.

"తట్టు కూడా అంతే పాపా. ఒంట్లో దూరినాక ఇరవై ఒక్క దినం పొదగతాది. అంతకు ముందు బయట పడదు. ఇదో, మీ తాత దారం. నీకు పోసిన నాటి నుంచి మీ తమ్ముడికి పోసిందాకా ఎన్ని ముడులుండాయో నువ్వే లెక్కపెట్టు."

లెక్కపెట్టాను. పన్నెండు. మళ్ళీ లెక్కపెట్టాను.

"పన్నెండు దినాలకే గుడ్డు పగిలి పిల్ల వస్తాదా? రాదు గదా. అంటే నీ దగ్గర్నించి రాలేదు. నీకంటే ముందే ఎక్కడో తగులుకోనుండాది వాడికి."

దారాన్ని నా చేతిలోనే ఉంచి గుప్పిట మూసింది. ఎవరేమన్నా దీన్ని లెక్కపెట్టి చూసుకో అని చెప్పింది. ఆమె ముందే మా అమ్మ సంగటి ముద్దలో మజ్జిగ పోసి ఇస్తే సగం తిన్నాను. పదో పదకొండో రోజులకు మా పెట్ట పిల్లలను లేపింది. తాత చేత లెక్క వేయించాను, సరిగ్గా ఇరవై ఒకటి. ఇంక నాకు అనుమానం లేకుండా పోయింది.

ఆమెలా కావాలనుకున్నాను. అంత చదువు మావాళ్ళకు ఎక్కడిది, నర్సు ట్రైనింగు దాకా వచ్చాను. అక్కడ ఒక రోజు తరగతిలో పిల్లల జబ్బుల గురించి చెబుతున్నారు. సూక్ష్మజీవి ఒంట్లో దూరిన నాటి నుంచి జబ్బు బయటపడే దాకా పట్టే రోజులను పొదిగే కాలం అంటారని బోర్డుమీద రాశారు. ఆ మాట చూసి నాకు మా పెట్ట గుర్తొచ్చి నవ్వుకున్నాను. దాని కింద తట్టు అని రాసి, పది పన్నెండు రోజులు, మహా అయితే రెండు వారాలు అని రాశారు.

నా పెన్ను ఆగిపోయింది. ఆ పూట హాస్టలుకు పోయి పెట్టె తెరిచి దారం తీశాను. ముడులు ఎన్నిసార్లు తడిమినా పన్నెండే. మా తాత లెక్క తప్పేది కాదు. ఆ జబ్బులకోసమే చదివిన మనిషికి ఆ సంఖ్య తెలియకపోవడమూ ఉండదు. లెక్క చెప్పే ముందు ఆమె పుస్తకం ఎందుకు మూసిందో అప్పుడు అర్థమైంది. అందులో రాసుకున్నది వేరు, నాకు చెప్పింది వేరు. నాకు కోపం ఎక్కువ, ఆ రోజు ఆమె మీద చచ్చేంత కోపం వచ్చింది. ఆదివారం బస్సెక్కి ఉదయగిరి పోయి నిలదీద్దామనుకున్నాను. పోయాను కూడా. ఆమె ఎప్పుడో వేరే ఊరు వెళ్ళిపోయిందన్నారు. తిరుగు బస్సులో ఏడుస్తూ కూర్చున్నాను. ఆ అబద్ధమే లేకుంటే ఆ ఏడాదే నేను కూడా తమ్ముడి దారి పట్టేదాన్నని ఆత్మకూరు వచ్చేసరికి తోచింది. కోపం పోయింది. పన్నెండు మాత్రం పోలేదు.

తర్వాత అనంతసాగరం వైపు పల్లెల్లో ఎన్నేళ్ళో పనిచేశాను. తట్టు టీకా మా చేతికి వచ్చిన మొదటి రోజు ఒక ఏడాది బిడ్డకు వేసి, పక్కకు పోయి ముఖం కడుక్కుని వచ్చాను. ఆ టీకా వచ్చేసరికి మావాడు బతికి ఉంటే ఇరవై ఏళ్ళు దాటిన వాడు. ఎంత ఆలస్యంగా వచ్చినా ఏ తల్లినీ ఇన్నాళ్ళు ఏం చేస్తున్నావని నేను అడగలేదు. తోటివాళ్ళు నన్ను మెతక మనిషి అనేవాళ్ళు. నా నోరు తెలిసినవాళ్ళు మాత్రం ఆ మాట నమ్మేవాళ్ళు కాదు.

రిటైరయి ఆత్మకూరులో ఉంటున్నాను. కరోనా రెండోసారి వచ్చినప్పుడు పక్కింటి తాత పోయాడు. ఆయన మనవరాలికి పదకొండేళ్ళు. ముందు జ్వరం వచ్చింది ఆ పిల్లకు. ఎవరూ దగ్గరికి పోవద్దన్నా ఆ ముసలాయన వినకుండా పక్కన కూర్చుని తడిగుడ్డ వేశాడు. పిల్ల లేచింది, ఆయన పోయాడు. పిల్ల తిండి మానేసింది. వాళ్ళమ్మ వచ్చి చెప్పగానే నాకు కోళ్ళ గంప గుర్తొచ్చింది. పిల్లను మా వరండాలో కూర్చోబెట్టుకుని, కరోనా ఒంట్లో దూరినాక ఇరవై ఒక్క రోజులకు గాని బయటపడదని చెప్పాను. నా నోటితో ఆ డాక్టరమ్మ మాటే వచ్చింది. ఆ పిల్ల తన తల్లి చేతిలోని ఫోను తీసుకుని ఏదో నొక్కి నాకు చూపించింది.

"ఐదారు దినాలేనంట అవ్వా. ఇందులో ఉండాది."

లోపలికి పోయి పెట్టె అడుగునుంచి దారం తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టి లెక్కపెట్టమన్నాను. పన్నెండు అంది. అప్పుడు అంతా చెప్పాను. బెల్లం, ఒడి, అవ్వ అన్న మాట, పొదిగే పెట్ట, అబద్ధం, బోర్డుమీది సంఖ్య. నా దగ్గర నుంచే వచ్చింది వాడికి అని కూడా చెప్పాను. ఆ మాట పైకి అనడం నా జీవితంలో అదే మొదలు. ఆ పిల్లను ఓదార్చబోయి నేనే ఏడుస్తున్నాను.

పిల్ల ముడులు ఒక్కొక్కటే తడుముతూ అంది. "నువ్వు చిన్నపిల్లవే గదవ్వా. నీకేం తెలుసు. ఏడస్తా ఉంటే ఎత్తుకున్నావు, అంతే గదా."

నేను ఆ పిల్లకు చెప్పాలనుకున్న మాట ఆ పిల్లే నాకు చెప్పింది. ఆ మాట అన్నాక, అది తనకే వినపడినట్టు ఆగి, నా భుజంమీద పడి వాళ్ళ తాతకోసం ఏడ్చింది. ఆ రోజు మా ఇంట్లో ఇద్దరం పప్పన్నం తిన్నాం. అన్నేళ్ళూ ఎవరో ఒకరు నాతో ఆ మాట అంటారని ఎదురుచూస్తున్నానని నాకే తెలియదు.

దారం మళ్ళీ పెట్టెలోకి చేరింది. వేపాకు మార్చేటప్పుడు ఇప్పటికీ చేతిలోకి తీసుకుంటాను గాని ముడులు లెక్కపెట్టడం మానేశాను. ఆ మధ్యాహ్నం వాడి తల నా ఒడిలో ఎంత బరువుండిందో కాసేపు తలుచుకుని, మళ్ళీ చుట్టి పెడుతున్నాను.