కంపెనీ పంపిన డ్రైవ్

నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే, స్టీలు గిన్నెలో సన్నని మరలు ఒక్కొక్కటిగా రాలుతున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాతే నరేందర్ కనిపించాడు. సిద్దిపేటలో కంప్యూటర్లు బాగుచేస్తాడు, కొత్త సామాన్లు పరీక్షించి యూట్యూబ్‌లో మంచిచెడ్డలు చెబుతాడు.

నిరుడు ఒక కంపెనీ పంపిన, ఫైళ్లు దాచుకునే ఎస్‌ఎస్‌డి డ్రైవ్‌ను వారం రోజులు నడిపి చూసి, "కండ్లు మూసుకొని కొనుండ్రి, నాది పూచీ" అన్నాడు. ఆ మాట నమ్మి చేర్యాల ఊరి భువన అదే డ్రైవ్‌ను దుకాణంలో కొన్నది. వాళ్ల బాపు పటాల మీద నకాషీ బొమ్మలు వేస్తూ చెప్పిన కథల వీడియోలన్నీ అందులోకి ఎక్కించి, ఫోన్ ఖాళీ చేసుకున్నది. బాపు పోయిన మూడో నెల డ్రైవ్ ఆగిపోయింది.

ఇప్పుడు భువన ఎదుట, కంపెనీ పంపినదీ ఆమె కొన్నదీ, రెండు డ్రైవ్‌లూ బల్ల మీద పొట్టలు విప్పుకుని ఉన్నాయి. పైన పేరు ఒకటే, స్టిక్కరు ఒకటే. భువన కొన్నదాని లోపల మాత్రం వేరే చిప్పులు, నాసివి.

"బాపు గొంతు ఒక్క నిమిషమన్న రాదా అన్నా?"

"రాదు చెల్లె. దుకాణంల ఒకటి కొని చూసి చెప్పాల్సుండె నేను. చూడలే."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని బస్సుకు వెళ్లిపోయింది. నరేందర్ గిన్నెలోంచి మరలు తీసి తన డ్రైవ్‌ను మళ్లీ బిగించాడు. నేను లేవబోతుంటే అన్నాడు:

"నాకు పంపింది ఇప్పటికీ మంచిగనే నడుస్తుంది సార్. దాంట్ల నా టెస్టు ఫైళ్లు తప్ప ఏం లేవు."